అలిగిన అమ్మ, ఆగని నవ్వు, 71 కిలోల బంగారం

(అలిగిన బతుకమ్మ నాటి సాయంత్రం హనుమకొండలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో ఒక రిటైర్డ్ తెలుగు టీచరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బయట గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద నా ఫొటో కింద "ఆధ్యాత్మిక ప్రసంగం" అని వేశారు. మా సారు నన్ను బండి మీద దింపి, ఆ ఫ్లెక్సీని పైనుంచి కిందికి చదివి, "ఇయ్యాల ప్రసంగం ఎవరిది?" అని అడిగారు. ఫొటో నాదే. ముప్పై ఎనిమిదేండ్ల సంసారం మాది.

సెక్రటరీ గారు నన్ను ఎందుకు పిలిచారో ఫోన్‌లోనే చెప్పేశారు, దాపరికం లేని మనిషి. "మేడమ్, పండుగ రోజులల్ల ఆడవాళ్ళు ఎవ్వరూ దొరకరు. ఆరో రోజు అమ్మ అలుగుతది, ఆట ఉండదు, హాలు ఖాళీగ ఉంటది. ఒక గంట మీరు మాట్లాడుండ్రి" అన్నారు. అంటే అమ్మవారు సెలవు పెట్టిన రోజుకు నేను సబ్‌స్టిట్యూట్ టీచర్‌ను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చేసిన పనే, నాకేం కొత్త కాదు. (నవ్వులు)

సరే, ఆ అలక సంగతితోనే మొదలుపెడతాను. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ తర్వాత వరుసగా అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఇంత మర్యాద చేశాక ఆరో రోజుకు వచ్చేసరికి అమ్మ అలుగుతుంది. పువ్వు లేదు, పలారం లేదు, పాట లేదు. ఎందుకు అలిగిందని అడిగితే ఊరికో కథ. మా పుట్టింటి వైపు ఒకటి చెప్తారు, అత్తగారి వైపు ఇంకొకటి. నేను చిన్నప్పుడు మా అవ్వను అడిగితే, చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే, "పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ ఒక్కరోజన్న అలగకపోతే మర్యాదేముంటదే" అన్నది. నాకు ఇప్పటికీ ఆ జవాబే నచ్చుతుంది. గౌరమ్మ మనకు పైన ఎక్కడో కూర్చున్న దేవత కాదు, తొమ్మిది రోజులు ఉండి పోవడానికి వచ్చిన ఇంటి పిల్ల. అందుకే అలిగే హక్కు ఉంది. మనం కూడా భయపడి శాంతులు చేయించం. "అలిగింది, రేపు మాట్లాడుతుందిలే" అనుకుంటాం. రేపు వేపకాయల బతుకమ్మ. బియ్యప్పిండిని వేపకాయలంత ఉండలు చేసి నూనెలో వేయించి పెడతాం, అలక పోతుంది. అలిగిన ఆడబిడ్డ ముందు వేడి పలారం పెట్టడం మనవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇండ్లల్లో అలకలు మాత్రం ఒక్కరోజులో పోవు. మా అత్తమ్మ, మామ మాట్లాడుకోవడం మానేశారంటే మధ్యలో ఎవరో ఒకరు టపా మోయాలి. "మీ తాతకు చెప్పు, అన్నం చల్లారుతున్నదని." "మీ నాయనమ్మకు చెప్పు, నాకు ఆకలి లేదని." ఇద్దరూ ఒకే గదిలో, నాలుగడుగుల దూరంలో కూర్చునే! ఒకసారి నాలుగేళ్ళ మా పెద్దబిడ్డకు ఆ ఉద్యోగం పడింది. మూడు రోజులు బుద్ధిగా అటూ ఇటూ మోసింది. ఆ తర్వాత దానికి కిటుకు తెలిసిపోయింది. "తాతా, నాయనమ్మ బిస్కెట్ పాకెట్ తెమ్మంటున్నది" అని సొంత కవిత్వం కలిపింది. మామ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తెచ్చి గూట్లో పెట్టేవాడు. అలిగి ఉన్నాడు కానీ పెండ్లాం అడిగితే కాదనడు. ఐదో రోజుకు ఆయన ఆగలేకపోయాడు. నేరుగా అత్తమ్మ వైపు తిరిగి, "ఏందే, గిన్ని బిస్కెట్లు తింటున్నవ్, షుగర్ గిట్ట వస్తే ఎట్ల?" అన్నాడు. అత్తమ్మ, "నేనెప్పుడు తిన్న?" అన్నది. అంతే, అలక తెగిపోయింది. మంచం కింద ఖాళీ పాకెట్లు దొరికాయి. ఆ సంధి కుదిర్చినందుకు పిల్లను కొట్టాలా, మెచ్చుకోవాలా అని ఆ రాత్రంతా మా ఇంట్లో చర్చ.

మన బమ్మెర పోతన గారు కూడా ఇలాంటి ఇంట్లోనే పుట్టి ఉంటారని నా అనుమానం. బమ్మెర ఎక్కడో కాదు, పాలకుర్తి పక్కన. జిల్లా పేరు మారింది కానీ ఊరు మనదే. గజేంద్ర మోక్షం ఎన్నో ఏండ్లు పాఠం చెప్పాను. ఏనుగు మొర పెట్టుకుంటే విష్ణుమూర్తి పరుగెత్తిన పద్యం మీ అందరికీ వచ్చు. సిరికి చెప్పడు, శంఖచక్రాలు తీసుకోడు, గరుత్మంతుణ్ని సిద్ధం చేసుకోడు. దాని చివర ఒక చిన్న ముచ్చట ఉంది, పిల్లలు పరీక్షలో మార్కుల కోసం బట్టీ పట్టి దాటిపోయేది. ఆ సమయానికి ఆలుమగల మధ్య ఏదో చిన్న కయ్యం నడుస్తున్నది. ఆయన చేతిలో ఆమె కొంగు ఉంది. కొంగు వదలడం కూడా మరిచి పరుగెత్తాడు. పాపం ఆమె వెనక ఉరకక ఏం చేస్తుంది! ఎక్కడికో అడుగుదామని వడివడిగా నడుస్తుంది. అడిగినా చెప్పడులే అని నడక తగ్గిస్తుంది. మళ్ళీ వడివడి, మళ్ళీ మెల్లగా. క్లాసులో ఈ పద్యం చెప్తుంటే నాకు మా వాకిలి గుర్తొచ్చేది. బండి తాళం తీసుకుని బయటికి పోతున్న మనిషిని "ఎక్కడికి" అని అడగకూడదు, అపశకునం. "దూరమా?" అనాలి. ఆయన "ఆఁ" అంటారు. "ఆఁ" అంటే పాల పాకెట్ కావచ్చు, కరీంనగర్ కావచ్చు. వైకుంఠంలో లక్ష్మీదేవికే జవాబు దొరకలేదు, హనుమకొండలో నాకు దొరుకుతుందా! (నవ్వులు)

దేవుళ్ళ సంసారం మన సంసారంలాగే ఉంటుందని చెప్పుకున్న జాతి మనది. కొమురవెల్లి మల్లన్నకు ఒక పక్క గొల్ల కేతమ్మ, ఒక పక్క బలిజ మేడలమ్మ. ఒగ్గు కథ చెప్పేవాళ్ళు ఆ కథ చెప్తుంటే నవ్వీ నవ్వీ కడుపు పట్టుకునే జనమే, రంగుల ముగ్గుతో పట్నం వేసి గంట మోగగానే చేతులెత్తి మొక్కుతారు. ఆ నవ్వుకూ ఈ మొక్కుకూ మధ్య వాళ్ళకు గోడ కనపడదు.

ఇప్పుడు ఆ గోడ లేస్తున్నదని నా బాధ. పొద్దున్నే ఫోన్ తెరిస్తే భక్తి కంటే బెదిరింపు ఎక్కువ. ఈ మెసేజ్ పదకొండు మందికి పంపకపోతే నష్టం. దీపం ఆ దిక్కుకు పెడితే దరిద్రం. ఈ వారం ఆ కూర తినకూడదు. రిటైరయిన కొత్తలో నేనూ ఆ వీడియోలు చూసి చూసి, దేవుని గదిలోకి పోవాలంటే ఇన్‌స్పెక్షన్‌కు పోతున్నట్టు టెన్షన్ పడేదాన్ని. ఒకరోజు వత్తి ఎన్ని పోగులు వేయాలో మరిచిపోయి, తడి చేతులతో ఫోన్ పట్టుకుని వెతుకుతుంటే అది కలశంలో పడింది. బియ్యం డబ్బాలో పెట్టి ఆరబెట్టాను. ఫోన్ బాగయింది కానీ ఆ వీడియోలు మళ్ళీ చూడలేదు.

అత్తమ్మకు ఈ టెన్షన్ ఒక్కరోజు కూడా లేదు. ఆమె దేవుళ్ళు వంటింట్లోనే, పొయ్యి పైన అలమరలో ఉండేవాళ్ళు. భద్రకాళి, యాదగిరిగుట్ట నర్సింహస్వామి, మల్లన్న. పక్కన సంవత్సరం దాటిపోయిన కాలెండర్ల వెంకటేశ్వరస్వాములు ఒక నలుగురు. తారీఖులు అయిపోయాయి కానీ స్వామిని ఎట్లా పారేస్తాం? పెండ్లి పత్రికల మీది వినాయకులదీ అదే కథ. మా బీరువా పైన ఒక కట్ట ఉంది. అందులో పెండ్లయినవాళ్ళ పిల్లల పెండ్లి పత్రికలు కూడా వచ్చి చేరాయి.

పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, పొయ్యి మీద పాలు పెట్టి, పటాల వైపు తిరిగి, "పాలు పొంగుతయ్, జర చూస్తుండుండ్రి" అని చెప్పి అత్తమ్మ పెరట్లో కరివేపాకు కోసుకురావడానికి పోయేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో నాకు చెప్తున్నదేమో అనుకుని ఉరికి వచ్చేదాన్ని. నాకు కాదు, వాళ్ళకే. వాళ్ళు ఒక్కసారి కూడా చూడలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది. అప్పుడు ఆమె ఆ ముగ్గుర్నీ పేరు పేరునా తిట్టేది. తిట్టి, అడుగున మిగిలిన పాలల్లో కొంచెం బెల్లం వేసి, ముందు వాళ్ళకే పెట్టేది. అది పూజ కాదని నాతో ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

1996 వానాకాలంలో మా సారుకు టైఫాయిడ్ వచ్చింది. లెక్కల సారు, అప్పటికే సన్నపాటి మనిషి. మంచానికి అతుక్కుపోయారు. అత్తమ్మ మంగళవారం భద్రకాళి గుడికి, గురువారం కాజీపేట దర్గాకు. మధ్యలో బుధవారం డాక్టరు. "ఎందుకమ్మా ఇంతమంది?" అని సారు నీరసంగా అంటే, "ఎవ్వలకు తీరిక దొరికితె వాళ్ళు చూస్తరు, నువ్వు పండుకో" అన్నది. ఒక రాత్రి జ్వరం మరీ పెరిగింది. తడి గుడ్డ వేస్తూ, వేస్తూ, నేను నిద్రపోయాననుకుని, చీకట్లో మెల్లగా, "సమ్మక్క తల్లీ, నా కొడుకును లేపు, నిలువెత్తు బంగారం ఇస్త" అన్నది.

పక్క జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి చెప్తున్నా. మేడారంలో బంగారం అంటే బెల్లం. నిలువెత్తు బంగారం అంటే మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం. మాఘమాసంలో, రెండేండ్లకోసారి సమ్మక్క జాతర. ఆ ఏటి జాతర అప్పటికే అయిపోయింది. మొక్కు తీర్చడానికి 1998 దాకా ఆగాలి.

సారు లేచారు. అత్తమ్మ ఊరుకుంటుందా? నెయ్యి, తలకాయ కూర, బొక్కల చారు, పొద్దుకో గ్లాసు పాలు. ఏడాదిన్నరలో మనిషి బుగ్గలు వచ్చి, పాత ప్యాంట్లు ఒక్కటీ పట్టకుండా అయ్యారు. జాతరకు వారం ముందు అందరం కలిసి వరంగల్‌లో ఒక బెల్లం దుకాణానికి పోయాం. సేటు పెద్ద కాంటా చూపించాడు. సారు ఎక్కబోయే ముందు చెప్పులు విడిచారు. జేబులో తాళాలు, పర్సు తీసి నా చేతికిచ్చారు. బెల్టు తీస్తుంటే అత్తమ్మ చూసింది. "బెల్టు తియ్యకు. అంగి, ప్యాంటు, బెల్టు అన్నీ అమ్మ ఇచ్చినయే." ఎక్కారు. 71 కిలోలు.

సారు దిగి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. టైఫాయిడ్ నాటి డాక్టర్ చీటీ. అంత జాగ్రత్తగా దాచింది ఎందుకో నాకప్పుడు అర్థమైంది. "అమ్మా, నువ్వు మొక్కిన నాడు నా బరువు 52. ఇదిగో రాసి ఉంది. మొక్కింది 52 కిలోల మనిషికి. లెక్క ప్రకారం 52 కిలోలే ఇయ్యాలె" అన్నారు. సేటుకు ఇది వింత బేరం. బెల్లం రేటు మీద బేరమాడేవాళ్ళను చూశాడు కానీ తన బరువు మీద బేరమాడే మనిషిని చూడలేదు.

అత్తమ్మ బడికి పోలేదు. వేలిముద్ర మనిషి. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "మొక్కినప్పుడు నువ్వు మంచంల పండుకొని ఉన్నవ్. నేను నిలువెత్తు అన్న, పండుకున్నెత్తు అన్ననా? నిలబడ్డంక ఎంతుంటె అంత. పెరిగిన పందొమ్మిది కిలోలు ఎవ్వలిచ్చిర్రు, నీ లెక్కల పుస్తకం ఇచ్చిందా?"

సారు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. సేటు పడీ పడీ నవ్వి, 71 కిలోలు తూచాక, "ఇది నా తరఫున అమ్మకు కొసరు" అని ఇంకో అరకిలో ముద్ద పైన పెట్టాడు.

బస్సులో ఆ మూటల మీదే కూర్చుని పోయాం. చీమలు కూడా మాతోపాటే టికెట్ లేకుండా వచ్చాయి. మీలో చాలామంది పోయివచ్చినవాళ్ళే, మేడారం ఎట్లా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. విగ్రహం ఉండదు. గద్దె, వెదురు కర్ర, కుంకుమ భరిణ, ఎటు చూసినా జనం, ఎర్రటి దుమ్ము. ఆ తోపులాటలో గద్దె దగ్గరికి చేరాక మేమంతా ఏవేవో మొక్కుకుంటున్నాం. అత్తమ్మ మాత్రం మూట విప్పించి, నడుం మీద చేతులు పెట్టుకుని, పక్కింటామెతో అన్నట్టు, "ఇగో తల్లీ. కొసరుతోని సహా" అన్నది. ఇంకేమీ అడగలేదు. చెంగుతో కండ్లు తుడుచుకున్నది. దుమ్మో, ఏమో.

నేను తెలుగు పాఠాలు చెప్పి బతికినదాన్ని కాబట్టి నాకు మాటల మీద యావ. బంగారం అనే మాట చూడండి. మేడారంలో బెల్లాన్ని బంగారం అన్నాం. ఇంకో నాలుగైదు రోజుల్లో దసరా, జమ్మి ఆకును బంగారం అంటాం. ఆ చిన్న ఆకు చేతిలో పెట్టి, పెద్దవాళ్ళ కాళ్ళు మొక్కి, తోటివాళ్ళతో అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటాం. ఏడాదంతా మాట్లాడని పాలివాళ్ళు కూడా ఆ సాయంత్రం గుమ్మం తొక్కుతారు. అసలు బంగారం షాపు ముందు నుంచి నడవాలంటేనే భయమేస్తున్న రోజుల్లో, పైసా ఖర్చు లేకుండా బంగారం పంచుకునే పండుగ మనకుంది. పేరు పెట్టిన పెద్దలకు ఎగతాళి తెలుసా, భక్తి తెలుసా అని ఆలోచిస్తుంటాను. రెండూ తెలిసినవాళ్ళే అయి ఉండాలి.

దసరా రాత్రికి పళ్ళెం నిండా జమ్మి చేరుతుంది. కొందరు బీరువాలో పెడతారు, కొందరు పర్సులో. అత్తమ్మ బియ్యం డబ్బాలో వేసేది. నేను ఎంత చూసి ఏరినా, ఏ సంక్రాంతికో, శివరాత్రికో ఒక ఎండుటాకు అన్నంలో ఉడికి సారు పళ్ళెంలోకి వచ్చేది. ఆయన దాన్ని పక్కన పెట్టి, "బంగారం వచ్చింది" అనేవారు. ఇప్పుడు అత్తమ్మ లేదు. డబ్బాలో నేనే వేస్తున్నాను. ఈసారి ఉగాది పచ్చడి నాడు వచ్చింది.

ఇంకొక్క ముచ్చట, సర్వపిండి. గిన్నప్ప అనండి, తపాలచెక్క అనండి, వస్తువు ఒకటే. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు. ఇవి అందరికీ తెలుసు. అసలు పని వేళ్ళది. సర్వ అనే వంపు గిన్నెకు లోపలంతా నూనె రాసి, పిండి ముద్దను అడుగు నుంచి పైకి, ఆ వంపు వెంబడి వత్తుకుంటూ పోవాలి. ఎక్కడ మందమైతే అక్కడ పచ్చిగా ఉంటుంది, ఎక్కడ పలచనైతే అక్కడ మాడుతుంది. తర్వాత వేలితో బొక్కలు, ఒక్కో బొక్కలో చుక్క నూనె. మూత పెట్టి సన్నని సెగ. ఆ తర్వాత చూడటానికేమీ లేదు, చెవి, ముక్కు పని చేయాలి. మొదట చిటపట, కాసేపటికి నువ్వులు వేగిన వాసన, ఆ తర్వాత అంచు గిన్నెను వదులుతున్న చిన్న చప్పుడు. అప్పుడు దించాలి. మొత్తం గిన్నె ఆకారంలో, అడుగు ఎర్రగా, ఊడి వస్తుంది.

రెండోది వెంటనే వత్తలేం, సర్వ కాలుతుంటుంది. దాన్ని నల్లా కింద బోర్లించి నీళ్ళు వదులుతాం. "సుయ్" మని ఆవిరి లేస్తుంది. మా ఇంట్లో ఆ చప్పుడు వినపడితే ఎవరు ఏ గదిలో ఉన్నా, ఎవరు ఎవరితో మాట్లాడకుండా ఉన్నా, వంటింటి గడప దగ్గర తేలుతారు. ఒకటి తయారైందని గుర్తు. మా మామ పోయేముందు నెలల్లో చెవులు సరిగా వినపడేవి కావు. పిలిస్తే పలికేవాడు కాదు. ఆ "సుయ్" కు మాత్రం మంచం మీద లేచి కూర్చునేవాడు. ఆయనకు వినపడేదా, వాసన తగిలేదా? అత్తమ్మను అడిగితే, "తిండికాడ దేవుడు చెవులిస్తడు" అన్నది.

హైదరాబాద్‌లో ఉండే మా పెద్దబిడ్డ, అదే, బిస్కెట్ల టపా మోసిన పిల్ల, నాన్‌స్టిక్ పెనం మీద చేసి ఫొటో పంపింది. గుండ్రంగా, అందంగా, రొట్టెలాగా ఉంది. "అమ్మా, ఆ రుచి వస్తలేదు" అన్నది. వంపు లేని గిన్నెలో అడుగుకో తీరు, అంచుకో తీరు ఎక్కడి నుంచి వస్తుంది? పోయిన నెల అత్తమ్మ సర్వను బట్టల మధ్య చుట్టి బస్సులో పట్టుకుపోయి ఇచ్చి వచ్చాను. సారు ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. రెండో రోజు మార్కెట్‌కు పోయి కొత్త సర్వ తెచ్చి, ఏమీ అనకుండా పొయ్యి పక్కన పెట్టారు. నేను కూడా ఏమీ అనలేదు. అలకకు ఒక మర్యాద ఉంటుంది కదా.

గంట అయిందని సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. ఆ కొత్త సర్వలో ఇయ్యాల పొద్దటి నుంచి ఆరు చేశాను, వెనక బల్ల మీద డబ్బాలో ఉన్నాయి. ఒక్కోటి ఎనిమిది ముక్కలు, మొత్తం 48. సారు ముక్కలు కోస్తూ, "నీ పేరు చూస్తే నలభై మంది కూడ రారు, ఇంకా మిగుల్తయ్" అన్నారు. ఇక్కడ చూస్తే అరవైకి తక్కువ లేరు. లెక్కల సారు లెక్క ఇది రెండోసారి తప్పడం. కాబట్టి మనిషికి ఒక్క ముక్కే తీసుకోండి, ఆలుమగలైతే ఒకటే పంచుకోండి. సర్వపిండి చల్లారితే గట్టిపడుతుంది, పండ్లు కదిలేవాళ్ళు ముందు రండి.